కోలెట్ కూర్చునే చోటు

నేను అనుమానపు మనిషిని. ఈ మాట నా వెనక చాలామంది అన్నారు, నా ముఖం మీద మాత్రం మా అమ్మ ఒక్కతే అంది. ఇందులో నా తప్పేమీ లేదు. చెరకు కాటా దగ్గర కూర్చుని బతికేవాడు ఇంకెలా ఉంటాడు? ఎద్దులను అదిలిస్తున్నట్టు నటిస్తూ కాటా పలక మీద ఒక కాలు ఆనించే రైతును చూశాను. మోపుల మీద బిందెల కొద్దీ నీళ్లు గుమ్మరించి తెచ్చేవాళ్లను చూశాను. వాళ్లు మాత్రం నన్ను నమ్మారా ఏమిటి? నేను ముల్లు చూస్తుంటే వాళ్లు నా చేతులు చూసేవాళ్లు. పొద్దంతా ఒకరినొకరం అలా కనిపెట్టుకుని, సాయంత్రం జహీరాబాద్ బస్టాండు ఎదురుగా ఒకే హోటల్లో కూర్చుని చాయ తాగేవాళ్లం. ఆ చాయలో పాలెన్ని, నీళ్లెన్ని అన్నది మళ్లీ వేరే సంగతి.

డెబ్బైల మధ్యలో నేను ఒక చిన్న లేత్ మిషిన్ కొన్నాను. బల్ల మీద పెట్టుకునేది. ఇనుప కడ్డీనో ఇత్తడి కడ్డీనో ఒక చివర గట్టిగా పట్టుకుని గిరగిరా తిప్పుతుంది, మనం పనిముట్టు ఆనించి కావలసినంత గీకేసుకోవచ్చు. నా ఉద్యోగానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఉత్త సరదా. కొందరు సాయంత్రం పేకాటకు పోతారు, నేను ఇత్తడి పొట్టు రాల్చుకునేవాణ్ణి. హైదరాబాదు పాత సామాన్ల బజారులో దొరికిన ఆ మిషిన్ను గోనెసంచుల్లో చుట్టి, బొంబాయి రోడ్డు బస్సు మీద వేయించుకుని వచ్చాను. దారి పొడుగునా ప్రతి స్టేజీలోనూ దిగి పైకి చూసుకుంటూనే ఉన్నాను. దించుకున్న రోజు నుంచి మా వీధిలో కొందరికి నేను దొంగ నాణేలు పోస్తున్నానని గట్టి అనుమానం. నాకు కోపం రాలేదు. ఊరికే నమ్మేవాళ్ల కంటే వాళ్లే నయమనిపించింది.

కానీ ఆ మిషిన్ చూసి మా అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు బయటికి రాలేదు. నేను బడిలో చదువుకునే రోజుల్లో మా నాన్న ఝరాసంగం వైపు మా పొలంలో, చెరకు ఆడే గానుగకు వేసిన ఇంజను బెల్టులో పంచె చిక్కుకుని పోయాడు. అప్పటినుంచి తిరిగే వస్తువు ఏదైనా సరే, అమ్మకు పగవాడే. పిండిమర ముందు నుంచి నడవాల్సి వస్తే రోడ్డు అవతలి పక్కకు మారేది. ఇప్పుడు అలాంటిదాన్ని కొడుకే బస్సు మీద వేయించుకుని ఇంట్లోకి తెచ్చాడు. నేను మోటారు స్విచ్చి వేసినప్పుడల్లా ఆమె చేతిలో పని ఎక్కడిదక్కడ పెట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడేది. నా అంగీ చేతులు మడిచి ఉన్నాయా లేదా అని చూసేది, అంతే.

మిషిన్‌తో పాటు ఒక చక్కు వచ్చింది. చక్కు అంటే కడ్డీని పట్టుకునే పిడికిలి. అందులో మూడు ఉక్కు దవడలుంటాయి, ఒక్క తాళం తిప్పితే మూడూ ఒకేసారి దగ్గరకు వస్తాయి. వినడానికి ఎంతో బాగుంటుంది. నేను నమ్మలేదు. ముగ్గురూ కలిసి కదిలే చోట తప్పు ఏ ఒక్కరిదో ఎలా తెలుస్తుంది? డయల్ పెట్టి చూశాను. డయల్ అంటే చేతి గడియారమంత పరికరం, తిరిగే కడ్డీకి దాని ముక్కు ఆనిస్తే కడ్డీలో వెంట్రుక మందం వంకర ఉన్నా సూది ఊగి చెప్పేస్తుంది. సూది ఊగింది. అలా ఊగుతుందని నాకు ముందే తెలుసు. మూడు దవడల చక్కులన్నీ అంతో ఇంతో అంతేనట, ఆ సంగతి అమ్మినవాడు చెప్పలేదు.

తర్వాత నాలుగు దవడలది కొన్నాను. దాంట్లో ఒక్కో దవడను విడివిడిగా బిగించాలి. ఒకదాన్ని కాస్త వదిలి, ఎదురుదాన్ని కాస్త బిగించి, సూది వైపు చూసి, మళ్లీ మొదటికి రావాలి. అది ఎవరి మాటా నమ్మదు, అన్నీ స్వయంగా చూసుకుంటుంది. నా స్వభావానికి అచ్చంగా సరిపోయింది. దాంతో వచ్చిన చిక్కల్లా ఒకటే, సన్నని కడ్డీ పెడితే దాని దవడలు అంత దగ్గరకు రావు. పైగా రెండు చక్కులూ ఇత్తడి మీద పంటి గాట్లు పెట్టేవి. సన్నని పనికి, గాటు పడకూడని పనికి కోలెట్ కావాలి.

కోలెట్ వేలెడు పొడుగు ఉక్కు గొట్టం. మూతి దగ్గర చీలికలుంటాయి. లేత్‌లో తిరిగే ఇరుసును స్పిండిల్ అంటారు. దాని నోరు లోపలికి పోను పోను సన్నబడుతుంది. కోలెట్ అందులో కూర్చుంటుంది. వెనక నుంచి పొడవాటి బోల్టుతో లాగి బిగిస్తే చీలికలు దగ్గరపడి కడ్డీని చుట్టూతా సమానంగా పట్టుకుంటాయి. గాటు పడదు. కడ్డీని తీసి తిరగేసి పెట్టినా నడిమికే వస్తుంది. అయితే ఒక్కో లావు కడ్డీకి ఒక్కో కోలెట్ ఉండాలి, కాస్త లావుది కుక్కితే చీలికలు సాగిపోయి ఇక ఎందుకూ పనికిరాదు.

వాటి కోసం సెలవు రోజున హైదరాబాదు పోయేవాణ్ణి. గొడుగు మడతల్లో నా సొంత కడ్డీ ఒకటి దాచుకుని పోయి, దుకాణం ముందు నిలబడి ప్రతి కోలెట్‌లోనూ దూర్చి చూసేవాణ్ణి. వెలుగుకు పట్టి లోపల చూసేవాణ్ణి. గోటితో గీరేవాణ్ణి. దుకాణం ముసలాయన కళ్లద్దాల మీది నుంచి చాలాసేపు చూసి ఒకసారి అడిగాడు.

"క్యా సాబ్, కోలెట్ కొంటున్నవా, పిల్లకు సంబంధం చూస్తున్నవా?"

సంబంధం మాట ఆయన ఊరికే అన్నా నాకు గుచ్చుకుంది. అప్పటికే మా చెల్లెలి పెళ్లయింది. ఆ సంబంధం నేను ఇంత చూడలేదు.

మా బావ చిరాగ్‌పల్లిలో అల్లం వ్యాపారి. వాళ్ల పెద్దలది కర్ణాటక సరిహద్దు. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, లారీవాళ్లతో హిందీ. మూడు భాషల్లోనూ నవ్వుతూ మాట్లాడేవాడు. నవ్వుతూ మాట్లాడే వ్యాపారిని చూస్తే నాకు వెంటనే ఆయన తరాజు చూడాలనిపిస్తుంది. చెల్లెలు మాత్రం హాయిగా ఉన్నట్టే కనబడేది. హాయిగా ఉన్నట్టు కనబడుతోందంటే ఏదో దాస్తోందేమోనని నేను అమ్మతో అంటే, నీకు బువ్వలో రాయి దొరకకపోయినా అనుమానమే అని ఆమె విసుక్కునేది.

ఒకరోజు కొత్త కోలెట్లు బల్ల మీద పరిచి తుడుచుకుంటుంటే అమ్మ లోపలికి వచ్చింది. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. దీనికి పండ్లు లేవా అని అడిగింది. లేవన్నాను. చక్కుకైతే దవడలు బయటికి పొడుచుకుని ఉంటాయి, బట్ట తగిలితే గుంజుకుంటుంది. దీని మూతి నున్నగా ఉంటుంది, ఏదీ చిక్కుకోదు. అమ్మ ముఖం కాస్త తేలికపడింది. స్పిండిల్ నోరు చూపించి, ఇది కూర్చునే చోటు ఇదీ, ఈ చోటు సరిగా ఉంటే అన్నీ సరిగా ఉంటాయి అని చెప్పాను. ఆమె ఆ నోట్లోకి తొంగి చూసింది.

"దీన్నే పెట్టుకో బిడ్డా. ఆ దవడలది వద్దు."

ఆ ఏడు దసరాకు చెల్లెలు, బావ వచ్చారు. చెల్లెలికి అప్పుడు ఆరో నెల, తొలిచూలు. దీపావళి దాటాక మంచి రోజు చూసి, కాన్పుకు మా ఇంటికి తీసుకురావాలని మాట అనుకున్నారు. అమ్మ అప్పటినుంచే పాత మెత్తని చీరలు ఉతికి మడత పెట్టసాగింది. నేను తొట్టె పని నా మీద వేసుకున్నాను. తొట్టె కర్రది వడ్లాయన చేస్తాడు, దాన్ని దూలానికి వేలాడదీసే చోట తిరుగుడు చీల ఒకటి ఉండాలి. అది సరిగా తిరిగితే తాడు మెలిపడదు, కిర్రుమని చప్పుడు రాదు, పిల్ల నిద్ర చెడదు. ఇత్తడితో చేద్దామనుకున్నాను. ఒక చివర చెక్కి, తీసి తిరగేసి, రెండో చివర చెక్కాలి. తిరగేసే పని అంటే కోలెట్టే దిక్కు.

ఆయుధపూజకు మిషిన్ మొత్తం విప్పాను. చక్కు ఊడదీసి, కోలెట్లు కిరోసిన్‌తో కడిగి, అన్నీ ఎర్ర గుడ్డ మీద పేర్చాను. స్పిండిల్ నోరు అద్దంలా తుడిచాను. టార్చి వేసి నేనే చూశాను, చిన్న మచ్చ కూడా లేదు. మా ఇంటామె మోటారుకు, చక్కుకు, మిషిన్ నుదుటికి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. సాయంత్రం అందరం జమ్మికి పోయివచ్చి ఆకులు చేతుల్లో పెట్టుకుని అలయ్‌బలయ్ తీసుకున్నాం. మర్నాడు సీజన్ ముందు కాటా సరిచూసే పని ఉండి నేను పోక తప్పలేదు. సాయంత్రం వచ్చేసరికి లేత్ కింద ఉక్కు పొట్టు ఉంది. బల్ల తడిగా ఉంది. పక్కన గిన్నెలో సబ్బునీళ్లు.

బావ తన తరాజుకు కొత్త చీల ఒకటి చేసుకున్నాడట. నేను లేను కదా అని, కోలెట్ పెట్టుకుని తనే తిప్పుకున్నాడట. ఉక్కు వేడెక్కకుండా సబ్బునీళ్లు పోశాడట. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. నా మిషిన్ మీద నేను నీటిచుక్క పడనివ్వను. తరాజుకు కొత్త చీల ఎందుకు కావలసి వచ్చింది అని అడిగాను. పాతది అరిగింది అన్నాడు. అరిగితే ఎవరివైపు అరిగింది అని కూడా అడిగేవాణ్ణే, అమ్మ అన్నానికి పిలిచింది.

వాళ్లు వెళ్లిపోయాక తొట్టె చీల మొదలుపెట్టాను. ఒక చివర చెక్కి తిరగేసి పెట్టాను. డయల్ ఆనించాను. సూది ఊగింది. ఇంకో కోలెట్ పెట్టి చూశాను, అదీ ఊగింది. అన్నీ ఊగాయి. ఇన్ని కోలెట్లు ఒకేసారి చెడిపోవు, కనక దోషం అవి కూర్చునే చోటులోనే ఉంది. టార్చి వేసి స్పిండిల్ నోట్లోకి చూశాను. లోపల, కాస్త లోతున, ఎర్రగా, గోధుమరంగుగా ఒక మరక. పొరలా కరుచుకుని ఉంది.

తుప్పు. సబ్బునీళ్లు పోసి తుడవకుండా పోయాడు, తుప్పు పట్టింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఎవరైనా అయితే అప్పుడే కిరోసిన్ గుడ్డ తీసుకుని తుడిచేసేవారు. నేను తుడవలేదు. తుడిస్తే రేపు బావ వచ్చి ఎక్కడుంది తుప్పు అని నవ్వడా? ఆయన కళ్లారా చూడాలి, చూసి ఒప్పుకోవాలి. అందుకని స్పిండిల్ నోటికి కాగితం కట్టి దాన్ని అలాగే ఉంచాను. తొట్టె చీల సగం చెక్కినది పక్కన పెట్టాను.

చిరాగ్‌పల్లి నుంచి కాటాకు బండి తోలుకొచ్చే మనిషితో కబురు పంపాను. మిషిన్ నోట్లో తుప్పు పట్టించాడని, వచ్చి చూసుకోమని. అంతటితో ఊరుకుంటే పోయేది. నలుగురు రైతులు నిలబడి వింటుండగా, తరాజుకు దొంగచాటుగా చీలలు మార్చుకునేవాళ్లు మిషిన్లను మాత్రం బాగా చూసుకుంటారా అని కూడా అన్నాను. వ్యాపారి తరాజు మీద మాట పడటమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. తెలిసే అన్నాను.

బదులు వారం లోపలే వచ్చింది, బావ దగ్గర నుంచి కాదు, వాళ్ల అమ్మ దగ్గర నుంచి. మా తరాజు మీద మాట అన్నవాళ్ల గడప మా కోడలు తొక్కదు, కాన్పు ఇక్కడే చేసుకుంటాం అని. దీపావళి వచ్చింది, పోయింది. చెల్లెలు రాలేదు. ఆమె ఏడుస్తోందని బండి మనిషి చెప్పాడు.

అమ్మ నాతో పోట్లాడలేదు. మడత పెట్టిన పాత చీరలను పెట్టెలో నుంచి తీసి మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టేది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేది. ఒక మధ్యాహ్నం నేను భోంచేస్తుంటే ఎదురుగా కూర్చుని అంది.

"మిషిన్ పోతే ఇంకోటొస్తది. బిడ్డ తొలి కాన్పుకు తల్లిగారింటికి రాకుంటే, నేనుండి ఏం ఫాయిదా?"

తప్పు చేసినవాడు ఒప్పుకుంటే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని చెప్పి నేను చెయ్యి కడుక్కున్నాను. నాకు చెల్లెలంటే ప్రాణం. కానీ తుప్పు తుప్పే కదా, కళ్లతో చూసినదాన్ని లేదని ఎలా అనుకోను? ఆ రోజుల్లో నా బుర్ర అలా పనిచేసేది, ఇప్పుడు మాత్రం పెద్దగా మారిందని చెప్పలేను.

చివరికి బావే వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం, అల్లం లారీలో వచ్చి రోడ్డు మీద దిగి నడుచుకుంటూ వచ్చాడు. ఒక్కడే. అమ్మకు అల్లుడి ఎదుటికి వచ్చే అలవాటు లేదు, కొంగు తల మీదికి లాక్కుని తలుపు వెనక నిలబడి నీళ్లు పంపింది. ఆయన తాగి చెంబు కింద పెట్టి, చూపించు అన్నాడు. నవ్వలేదు.

నోటికి కట్టిన కాగితం విప్పి టార్చి వేసి పట్టుకున్నాను. ఆయన వంగి చూశాడు. వేలు లోపలికి పోనిచ్చి గోటితో గీరాడు. వేలు బయటికి తీసి చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు తలుపు వైపు చూశాడు. తలుపు కింద సందులో అమ్మ పాదాలు కనబడుతున్నాయి. దొరికిపోయినవాడు ముందు వాసన చూస్తాడు, తర్వాత బయటపడే దారి చూస్తాడు అనుకున్నాను నేను.

"తుప్పే, బామ్మర్దీ," అన్నాడు, తలుపు అవతలికి కూడా వినబడేంత గట్టిగా. "సబ్బునీళ్లు పోసిన, తుడుసుడు మర్సిన. తప్పు నాదే."

కిరోసిన్ అడిగాడు. కర్రకు గుడ్డ చుట్టి లోపలంతా తనే తుడిచాడు. నేను అందుకోబోతే గుడ్డ ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. కిరోసిన్ కంపు కొట్టే గుడ్డను శుభ్రమైన అంగీ జేబులో ఎవరైనా పెట్టుకుంటారా? అది నాకు వింతగానే తోచింది. కానీ అప్పటికే నేను గెలిచేశాను, గెలిచినవాడికి చూపు మందగిస్తుంది. కోలెట్ బిగించి డయల్ ఆనించాను. సూది కదలలేదు.

రెండు రోజుల తర్వాత బావే చెల్లెల్ని బస్సులో తీసుకొచ్చి దిగబెట్టాడు. వాళ్లమ్మకు ఏం చెప్పి ఒప్పించాడో నాకు తెలియదు. నేను తొట్టె చీల పూర్తి చేశాను. ఆడపిల్ల పుట్టింది. తొట్టె ఊగుతుంటే తాడు చప్పుడు తప్ప ఇంకేం వినబడేది కాదు. ఇరవై ఒకటో రోజు తొట్టెలో వేసిన నాడు చుట్టాలందరి ముందు నేను ఆ చీల చూపించి, బావ పట్టించిన తుప్పు కథ చెప్పాను. బావ తల వంచుకుని నవ్వాడు. ఆ ఏడాది ఎక్కడ కలిసినా నేను ఆయన్ని తుప్పు బావ అనేవాణ్ణి. మా ఇంటామె చాలించమని కళ్లతో చెప్పేది.

మరుసటి దసరాకు బావ వాళ్లు రాలేదు. పిల్లకు జ్వరమని ఆగిపోయారు. నేను ఎప్పటిలాగే మిషిన్ విప్పి, కడిగి, పేర్చాను. బొట్లు, కొబ్బరికాయ, జమ్మి, అన్నీ అయ్యాయి. మర్నాడు నేనే మొదట కోలెట్ బిగించాను. ఆ మధ్యలో మిషిన్‌ను ఇంకెవరూ ముట్టుకోలేదు, గది తాళం నా దగ్గరే ఉంది, పూజ రోజు జమ్మి నుంచి వచ్చేదాకా మాత్రం గది తెరిచే ఉంది. డయల్ ఆనించాను. సూది ఊగింది.

టార్చి వేశాను. అదే చోటు, అదే లోతు, అదే ఎరుపు. నీటిచుక్క పడలేదు, బావ రాలేదు. వేలు పోనిచ్చి గీరాను. పొడిపొడిగా వచ్చింది. ఈసారి నేను కూడా ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

పసుపు వాసన. మీద కుంకుమ.

మా ఇంటామె అలా పెట్టదు. ఆమె నలుగురికీ కనబడేలా పెడుతుంది, పండుగ బొట్టు పెట్టేదే అందుకు. నేను గది బయటికి వచ్చాను. అమ్మ వరండాలో చేట ముందు కూర్చుని కందులు చెరుగుతోంది. ఆమె ఉంగరం వేలి గోటి అంచున పచ్చటి గీత ఉంది.

నాన్న పోయిన నాటినుంచి అమ్మ పసుపు కుంకుమ ముట్టుకోలేదు. ఆమెను ముట్టుకోవద్దన్నారు కూడా. ఊళ్లో ఎవరి పెళ్లయినా గోడ వెనక నిలబడి చూసేది. తెల్లవారి ప్రయాణమయ్యేవాళ్లకు ఎదురు రాకుండా పెరట్లోకి తప్పుకునేది. సొంత కూతురి పెళ్లిలో కూతురికి బొట్టు పెట్టలేదు. ఆ మనిషి, ఇంట్లో అందరూ జమ్మికి పోయిన వేళ, తెరిచి ఉన్న ఆ నోట్లో, నేనే చూపించిన ఆ చోటులో, ఎవరి కంటా పడకుండా లోపలికి వేలు పెట్టి బొట్టు పెట్టింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలియలేదు. చేటలో రాయి ఏరి పక్కన పారేసింది. నేను మళ్లీ లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాను.

ఆ ఆదివారం చిరాగ్‌పల్లి పోయాను. బావ అల్లం రాశుల మధ్య మట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గోనె పరిచాడు. నేను చెప్పవలసింది చెప్పేలోపే ఆయనకు అర్థమైంది. నాకు వాసనతోనే తెలిసింది అన్నాడు. బయట మూడు బొట్లు ఉండగా లోపల దాచి బొట్టు పెట్టేవాళ్లు ఆ ఇంట్లో ఇంకెవరున్నారు అన్నాడు. మరి అప్పుడే చెప్పొచ్చు కదా అని అడిగాను. నా గొంతులో కోపమే ఉంది. ఏడాది పాటు అందరి ముందు ఎవరు ఎవర్ని వెర్రివాణ్ణి చేశారో నాకు అర్థం కాలేదు.

"అత్తమ్మ తలుపు ఎనకనే ఉన్నది గద," అన్నాడు. "మామ పోయినంక ఆమె దేనికీ బొట్టు పెట్టలే. ఒక్కదానికి పెట్టింది, అది నీ పానం కోసం. గా బొట్టే మిషిన్ కరాబ్ చేసిందని నీ నోట్లకెళ్లి ఇంటె, తన చెయ్యే మంచిది కాదనుకుంటది. సచ్చేదాంక గదే అనుకుంటది. నన్ను తుప్పు అంటే ఏమైతది? కడుక్కుంటె పోతది."

అని లేచి తరాజు దగ్గరకు పోయాడు. ఎవరికో అల్లం తూచాడు. నేను ఆ తరాజు ముల్లు వైపు చూడలేదు. అల్లం బస్తాల మధ్య తల దించుకుని కూర్చున్నాను. నాకు ఆయన మీద ప్రేమ కలిగింది. నా మీద నాకు చాలా సిగ్గేసింది. అది ఆయనకు చెప్పలేదు, బావామరుదులు అలాంటివి చెప్పుకోరు. బస్సెక్కేటప్పుడు ఆయనే అల్లం సంచి చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చి తూచి చూసుకోలేదు.

ఆ తర్వాత ప్రతి దసరాకూ అదే వరస. పూజ రోజు చక్కు ఊడదీసి, స్పిండిల్ నోరు శుభ్రంగా తుడిచి, అమ్మకు వినబడేలా, అందరం జమ్మికి పోతున్నాం, వచ్చేసరికి చీకటి పడుతుంది అని చెప్పి గది తలుపు తీసి ఉంచి పోయేవాణ్ణి. మర్నాడు కోలెట్ బిగించే ముందు కిరోసిన్ గుడ్డతో లోపల తుడిచేవాణ్ణి. గుడ్డ పచ్చగా, ఎర్రగా వచ్చేది. మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి. ఎప్పుడైనా ఆమె గుమ్మంలో నిలబడి, మిషిన్ మంచిగ నడుస్తున్నదా అని అడిగితే, సూది కదలడం లేదని డయల్ చూపించేవాణ్ణి. ఆమె తల ఊపేది. ఆ పూట ముఖం తేటగా ఉండేది. అనుమానపు మనిషినే కనక, ఆమె ఈసారి పెట్టిందా లేదా అని ప్రతి ఏడూ టార్చి వేసి చూసుకునేవాణ్ణి.

ఎనభైల మధ్యలో ఒక వానాకాలం అమ్మ పోయింది. బీదర్ దవాఖానకు తీసుకుపోయే దారిలోనే అయిపోయింది. ఆ ఏడు ఇంట్లో పండుగ చేయలేదు.

మరుసటి దసరాకు మిషిన్ విప్పాను. కోలెట్లు కడిగి గుడ్డ మీద పేర్చాను. మా ఇంటామె బయట మూడు బొట్లు పెట్టింది. అందరం జమ్మికి పోతున్నాం, వచ్చేసరికి చీకటి పడుతుంది అని నేను అలవాటుగా గట్టిగా అన్నాను. మా ఇంటామె నా వైపు ఒకసారి చూసి ముందు నడిచింది. గది తలుపు తీసే ఉంచి పోయాను.

మర్నాడు తుడవకుండానే కోలెట్ బిగించి డయల్ ఆనించాను. సూది కదలలేదు. తుడవకుండా ఇంత కచ్చితంగా ఆ మిషిన్ ఏ దసరా మర్నాడూ తిరగలేదు. నేను నమ్మలేదు. బోల్టు విప్పి కోలెట్ తీసేశాను. టార్చి వేసి చూశాను. కర్రకు తెల్ల గుడ్డ చుట్టి, కిరోసిన్‌లో ముంచి, ఆ చోటంతా గట్టిగా తుడిచి బయటికి తీశాను. వెలుగు దగ్గరికి పోయి చూశాను. మళ్లీ ముంచి, ఇంకా లోపలికి పోనిచ్చి, మళ్లీ తుడిచాను.

గుడ్డ తెల్లగానే ఉంది.